సైన్యము విడిచినవాని రెండవ వృత్తి

డెట్రాయిటు మహానగరమునకు వాయవ్యదిశగా, ఓక్లండ్ కౌంటీలో, 2020 జనగణన ప్రకారము 66 వేలకు కొంచెము పైబడిన జనసంఖ్య గల నోవై పట్టణమును చూచినవా రెవ్వరును దీనిని సైనికుల ఊరనరు. మోటారుకార్ల విడిభాగముల కంపెనీల కార్యాలయములు, ఇంజనీరుల ఇండ్లు, ట్వెల్వ్ ఓక్స్ అను పెద్ద అంగడి సముదాయము, టాఫ్ట్ రోడ్డు మీది వేంకటేశ్వరస్వామి ఆలయము, శనివారమునాడు అచ్చట ప్రసాదమునకై వరుస కట్టిన తెలుగు కుటుంబములు, ఇవియే ఇచ్చట కంటబడునవి. అయినను సైన్యము విడిచిన పిదప బ్రతుకుతెరువేమి అను ప్రశ్న ఈ ఊరి తెలుగు గృహములకు రెండు తరములవైపునుండి వచ్చి చేరుచున్నది. వీసా గడువు చూచుకొని కుమారుని యింట ఆరునెలలు గడపవచ్చిన తండ్రులలో, భారత సైన్యమునుండియో వాయుసేననుండియో నలుబదియేండ్లు నిండక మునుపే పింఛను పుచ్చుకొని, తరువాతి ఇరువదియేండ్లును బ్యాంకులోనో రైల్వేలోనో కొలువు చేసినవారుందురు. అదే యింట, కళాశాల రుసుముల భారము తగ్గునని మిషిగన్ నేషనల్ గార్డులో చేరదలచిన మనుమడో, విశ్వవిద్యాలయమున సైనికాధికారులను తయారుచేయు ఆర్‌ఓటీసీ శిక్షణకు పేరు వ్రాయించుకొన్న మనుమరాలో ఉండవచ్చును. పిల్లవాడు నాలుగేండ్లో ఆరేండ్లో సేవచేసి వచ్చిన పిదప ఏమగునని తల్లి అడుగును. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము తెలిసినవాడు తాతగారేయైనను, ఆయనను అడుగవలెనని ఆ యింట ఎవ్వరికిని తోచదు.

ఈ విషయమును గూర్చి పుస్తకములకును, ప్రభుత్వ కరపత్రములకును, ఉపన్యాసములకును కొదువ లేదు. వానిలో అధికభాగము దరఖాస్తు ఎట్లు వ్రాయవలెను, సమావేశమున ఎట్లు కూర్చుండవలెను, హోదాను పౌరభాషలో ఎట్లు చెప్పుకొనవలెను అను వివరములతో నిండి, మొదటి ఉద్యోగము చేతికి వచ్చుటతో విషయము ముగిసినట్లే తలచును. కాని ముప్పదియైదేండ్ల వయస్సున సైన్యమును వీడినవానికి ఇంకను ముప్పదేండ్ల పని యున్నది. ఆ ముప్పదేండ్లను నిర్ణయించునది మొదటి ఉద్యోగము కాదు. నా అభిప్రాయమున అట్టివానికి ఉద్యోగము కంటె ముందు కావలసినది వ్యవధి: తాను ఏమి నేర్చెనో, అందులో ఏది బయట చెల్లునో, ఏది తన మనస్సునకు పట్టునో తేల్చుకొనుటకు, ఇంటి తిండికి వెరవక గడపదగిన కొంత కాలము. దేశములను, యుగములను పక్కపక్కన నిలిపి చూచినపుడు ప్రభుత్వములు తమ సైనికులకు భూమి నిచ్చినవి, ధనము నిచ్చినవి, కొలువుల నిచ్చినవి. కాలము నిచ్చినవి మాత్రము మిక్కిలి అరుదు.

భూమి, ధనము అనువాని చరిత్ర ప్రాచీనము. రోములో సేవ ముగించిన భటులకు పొలములు పంచి వలస గ్రామములు నిలుపుట మొదటి పద్ధతి కాగా, క్రీ.శ. 6వ సంవత్సరమున అగస్టస్ చక్రవర్తి వారసత్వ ఆస్తులపై నూటికి ఐదు చొప్పున పన్ను విధించి, ప్రత్యేక సైనిక కోశమును నెలకొల్పి, లీజియను భటునకు విడుదల సమయమున 12,000 సెస్టర్సులు చెల్లించు ఏర్పాటు చేసెను. ఇందులో చక్రవర్తి ఔదార్యము కొంత, భయము కొంత. ఆయుధవిద్య నేర్చి, పని లేక, పది మందితో కూడి తిరుగువాడు రాజ్యమునకు క్షేమకరుడు కాడని ఆనాటి పాలకులకు అంతర్యుద్ధములు నేర్పినవి. అమెరికాలోను ఇదే బాట నడచినది. అంతర్యుద్ధపు పింఛనులు 1890 దశకమున కేంద్రప్రభుత్వ వ్యయములో దాదాపు 40 శాతమును మ్రింగివేసినవి; అందుకు బెదరి కాబోలు, మొదటి ప్రపంచయుద్ధము నుండి వచ్చినవారికి 1924 చట్టమున బోనసు వాగ్దానము చేసి, దానిని 1945లో చెల్లింతుమనిరి. ఆర్థికమాంద్యమున అలమటించిన ఆ మాజీ సైనికులు 1932లో వేలసంఖ్యలో వాషింగ్టను చేరి తమ సొమ్ము ముందుగా ఇమ్మని గుడిసెలు వేసికొని కూర్చుండగా, జూలై 28వ తేదీన జనరల్ మెకార్థర్ నాయకత్వమున వచ్చిన సైన్యమే వారిని తరిమివేసెను. తమ భటులపైకి తమ భటులనే పంపిన ఆ దినమును మరువజాలని నాయకులు పండ్రెండేండ్ల తరువాత మరియొక మార్గమును వెదకిరి.

1944 జూన్ 22వ తేదీన అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకము చేసిన, జీఐ బిల్లు అని లోకమెరిగిన ఆ చట్టమును గూర్చి వినని విద్యావంతుడుండడు. దాని తొలి చిత్తుప్రతిని వ్రాసిన హ్యారీ కోల్మరీ తానును మొదటి ప్రపంచయుద్ధకాలపు సైనికుడే. చదువునకు సంవత్సరమునకు 500 డాలర్ల వరకు రుసుము, ఒంటరివానికి నెలకు 50 డాలర్లు, సంసారికి 75 డాలర్లు భృతి. ఇల్లో పొలమో వ్యాపారమో కొనువానికి అప్పునకు హామీ. పని దొరకనివానికి వారమునకు 20 డాలర్ల చొప్పున 52 వారములు. ఈ చివరి అంశముపై ఆనాడు రేగిన గగ్గోలు ఇంతంత కాదు. ఏడాదిపాటు ఊరక కూర్చుండబెట్టి సొమ్మిచ్చినచో ఏ మొగవాడు పనికి పోవునని ప్రశ్నించిరి. తుదకు ఆ పద్దు క్రింద కేటాయించిన ధనములో ఐదవ వంతు కూడ వ్యయము కాలేదు. కోరినచో కాలము చిక్కునని తెలిసినవాడు దానిని దుర్వినియోగము చేయలేదు. చేతిలో ఆ ధైర్యముండుట చేతనే కాబోలు, తనకు తగని కొలువునకు ఎగబడక తన దారి తాను చూచుకొనెను.

కళాశాలల సంగతియు అంతే. హార్వర్డు అధ్యక్షుడు కోనంట్, షికాగో విశ్వవిద్యాలయపు హచిన్స్ వంటి ఉద్దండులు, విద్యాలయముల ప్రమాణములు చెడునని శంకించిరి. 1947 నాటికి కళాశాలలలో చేరినవారిలో 49 శాతము మాజీ సైనికులే; చదువులలో వారు ఎవరికిని తీసిపోలేదు. 1956లో పథకము ముగియునప్పటికి విద్యా శిక్షణలను పొందిన 78 లక్షల మందిలో కళాశాలలకు పోయినవారు 22 లక్షలు మాత్రమే. మిగిలిన 56 లక్షలమందియు వృత్తివిద్యాలయములలోను, కర్మాగారములలోను, పొలములలోను పని నేర్చినవారు. జీఐ బిల్లు అనగానే పట్టభద్రుని టోపీ తలచుకొను మనము ఈ రెండవ అంకెను మరచుచున్నాము. మరువరాని సంగతి మరియొకటి కలదు: అమలు స్థానికుల చేతిలో నుండుట వలన దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి సైనికునకు ఈ తలుపు దాదాపు మూసియే యుండెను. 1947లో మిసిసిపి రాష్ట్రమున ఈ చట్టము క్రింద హామీ పొందిన 3,229 రుణములలో నల్లవారికి చిక్కినవి రెండే రెండు.

నోవై నుండి అరగంట కారు ప్రయాణములో నున్న డియర్‌బార్నులో 1946 ఆరంభమున జరిగిన కథ ఈ విషయమున మిక్కిలిగా చెప్పబడునది. యుద్ధకాలమున వాయుసేన గణాంక విభాగములో పనిచేసిన పదిమంది అధికారులు, టెక్స్ థార్న్టన్ అను కర్నలు నాయకత్వమున, తమ్ము విడివిడిగా గాక జట్టుగా తీసికొనవలెనని ఫోర్డు కంపెనీకి వర్తమానమంపి, రెండవ హెన్రీ ఫోర్డును ఒప్పించి కొలువులో చేరిరి. విమానముల, విడిభాగముల, ఇంధనపు లెక్కలను అదుపులో నుంచిన పద్ధతినే వారు లెక్కాపత్రము సరిగా లేక నష్టముల పాలైన ఆ కంపెనీకి వర్తింపజేసిరి. వారిలో మెక్నమారా, ఆర్జే మిల్లర్ అనువారు కాలక్రమమున కంపెనీ అధ్యక్షులైరి. థార్న్టన్ మాత్రము కొద్దికాలమునకే వేరొక చోటికి పోయెను. ఈ కథను ప్రతి ఉపన్యాసకుడును చెప్పును గాని, అది సామాన్య సైనికునకు ఉపకరించు ఉదాహరణము కాదని నా తలంపు. వారు హార్వర్డు వాణిజ్యవిద్యాలయపు శిక్షణ పొందినవారు, హోదా గలవారు, పదిమంది ఏకమై బేరమాడగలిగినవారు. ట్రక్కు నడపిన సార్జెంటునకు, వంటశాలలో పనిచేసిన భటునకు అట్టి బేరము ఎచ్చట కుదురును?

అంతకంటె నేను ఎక్కువగా తలచుకొనునది ఈ ప్రాంతపువాడే యైన చార్లెస్ కెటిల్స్ జీవితము. 1930లో ఇప్సిలాంటిలో జన్మించి, డియర్‌బార్నులోని ఎడిసన్ విద్యాలయమున చదువుచుండగా అచ్చటి కృత్రిమ విమానయంత్రముపై కూర్చుండి ఎగురుటయందు మక్కువ పెంచుకొన్నవాడు. ఇప్సిలాంటి సమీపమున విల్లో రన్ కర్మాగారములో ఫోర్డు కంపెనీ 8,685 బాంబరు విమానములను కట్టిన కాలమది. ఊరిలోని నార్మల్ కళాశాలలో రెండేండ్లు ఇంజనీరింగు చదివిన పిదప 1951లో నిర్బంధ సైనికసేవకు పిలుపు వచ్చినది. కొరియా, జపాను, థాయ్‌లాండులలో సేవచేసి 1956లో తిరిగివచ్చి, సోదరునితో గూడి డెవిట్ అను ఊర ఫోర్డు కార్ల విక్రయశాల పెట్టెను. రిజర్వు సేనలో పేరు నిలుపుకొనుచునే ఏడేండ్లు ఆ వ్యాపారము సాగించి, వైమానికుల కొరత యేర్పడినపుడు 1963లో తనంత తాను మరల సైన్యములో చేరెను. 1967 మే 15వ తేదీన వియత్నామున శత్రువుల కాల్పులలో హెలికాప్టరును పలుమార్లు దింపి 44 మందిని కాపాడిన సాహసమునకు 2016లో అధ్యక్షుడు ఒబామా చేతులమీదుగా అత్యున్నత సైనిక గౌరవమగు మెడల్ ఆఫ్ ఆనర్ లభించినది. దేశము ఆయనను దానికొరకే యెరుగును.

నాకు ప్రస్తుతము కావలసినది ఆ సాహసము తరువాతి కథ. 1978లో నలుబదియెనిమిదేండ్ల వయస్సున లెఫ్టినెంట్ కర్నలుగా విరమించిన ఆ వ్యక్తి, కార్ల వ్యాపారము తెలిసినవాడై యుండియు దానిని మరల చేపట్టక, ఎప్పుడో సగములో వదలిన చదువును పూర్తిచేసి, పట్టము పుచ్చుకొని, తూర్పు మిషిగన్ విశ్వవిద్యాలయమున స్నాతకోత్తర విద్య ముగించి, అక్కడనే విమానయాన నిర్వహణ పాఠ్యక్రమమును రూపొందించి బోధించెను. ఆ పిదప క్రైస్లర్ సంస్థకు చెందిన పెంటాస్టార్ విమానశాఖలో చేరి 1993లో శాశ్వతముగా విశ్రమించెను. మొదటిమారు సైన్యము వీడినపుడు చేతికందిన వ్యాపారమును పట్టుకొన్నవాడు, రెండవమారు పింఛను అండతో తీరికగా చదివి, తాను బాల్యమునుండి ప్రేమించిన విద్యను వృత్తిగా మలచుకొనెను. ఈ రెండు విరమణలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికి, రెండవదానిలో అదనముగా నున్నది ప్రతిభ కాదు, వ్యవధి అని తెలియును. నోవైకు నైరుతిగా నున్న యాన్ ఆర్బరులోని మాజీ సైనికుల వైద్యశాల నేడు ఆయన పేరుతోనే నడచుచున్నది.

కెటిల్సునకు వలె పింఛను ధైర్యము ఈ దేశమున ఎందరికి కలదు? ఇరువది సంవత్సరముల సేవ నిండినగాని పూర్తి పింఛను లేదు. నూటికి ఎనుబది మందికి పైగా అంతకాలముండకయే బయటపడుదురు. 2018 నుండి అమలైన క్రొత్త పద్ధతిలో ప్రభుత్వము కొంత సొమ్మును వారి పొదుపు ఖాతాలో జమ చేయుచున్నది గాని, అది ముసలితనమునకు గాని మరునాటి అద్దెకు కాదు. చదువు మాట వేరు. 2008 నాటి చట్టము ముప్పదియారు నెలల చదువునకు రుసుములతోపాటు ఇంటి అద్దెకు భృతిని కూడ ఇచ్చుచున్నది. 2013 జనవరి తరువాత విడుదలైనవారికి దానిని ఇన్నియేండ్లలో వాడుకొని తీరవలెనను గడువును 2017 చట్టము తొలగించినది. అమెరికా చేసిన పనులలో ఇది నిజముగా వ్యవధి నిచ్చునది. దురదృష్టమేమనగా, ఆ సొమ్ము వాసన పట్టి లాభాపేక్షగల విద్యావ్యాపారులు పుట్టగొడుగులవలె లేచిరి. దేశమంతట శాఖలు గల ఐటీటీ సాంకేతిక విద్యాసంస్థ 2016లో ఒక్కమారుగా మూతపడినపుడు, తమకు చట్టము ఇచ్చిన ముప్పదియారు నెలలలో సగము కర్చుపెట్టి, ఎచ్చటను చెల్లని చదువుతో రోడ్డున పడిన మాజీ సైనికులు అనేకులు. పోయిన ధనమును కొంత తిరిగి ఇప్పింపవచ్చును; ఆ నెలలు చట్టముచేత పునరుద్ధరింపబడినను ఆ వయస్సు తిరిగిరాదు.

ఇక విడుదల పత్రమును చూతము. డీడీ 214 అని పిలువబడు ఆ చిన్న కాగితము సైనికుని సమస్తమైన పౌరజీవనమునకు తాళపుచెవి. 11వ గడిలో అతని పని సంకేతము, దాని క్రింద ఎన్ని సంవత్సరములు ఎన్ని నెలలు చేసెనో ఆ లెక్క. 14వ గడిలో పొందిన శిక్షణలు, ఒక్కొక్కటి ఎన్ని వారములో, ఏ సంవత్సరమో. 24వ గడిలో విడుదల ఎట్టిదన్న ముద్ర. ఉదాహరణమునకు 11వ గడిలో 88ఎం అని యున్నచో, అతడు మోటారు రవాణా నడపువాడని సైన్యమున అందరు నెరుగుదురు. నోవైలోని విడిభాగముల కంపెనీ నియామక అధికారిణికి ఆ అక్షరములు ఏమియు చెప్పవు. మంచుకొండలలో, ఇసుకతుఫానులలో, రాత్రివేళ దీపములార్పి, ఇరువది టన్నుల బండిని వరుస తప్పక నడపినవాడు బయటికి వచ్చి వాణిజ్యవాహనపు లైసెన్సు లేనిదే ఊరిలో పెద్ద పాల ట్రక్కు కూడ నడపరాదు. ఈ వింతను గుర్తించియే, రెండేండ్లు అట్టి బండ్లు నడపినవానికి నడపు పరీక్షను మినహాయింపవచ్చునని నియమము చేసిరి. కాని ఆ మినహాయింపు సేవ వీడిన ఏడాదిలోపల కోరుకొన్నవానికే. రహస్య విషయముల నెరుగుటకు ప్రభుత్వమిచ్చు అనుమతి సంగతియు ఇటువంటిదే: రక్షణ కంపెనీలు బంగారముతో సమానముగా చూచు ఆ అర్హత, వాడకున్నచో రెండేండ్లలో చల్లారిపోవును. విడుదలైనవాడు ఇల్లు చేరి, భార్యాబిడ్డలను మరల పరిచయము చేసికొని, నిదానముగా ఆలోచింతమను లోపలనే, ఈ గడియారములన్నియు తిరుగుట మొదలిడును.

నేర్చిన విద్యకు చెల్లుబాటు లేకపోవుట యను ఈ రోగమునకు వైద్యము ఒకేయొకచోట సమగ్రముగా జరిగినది. నౌకాదళమున వైద్యసహాయకులుగా యుద్ధభూమిలో గాయములకు కట్లు కట్టి, ప్రాణములు నిలిపి వచ్చినవారు పౌరవైద్యశాలలో గదులు తుడుచు పనికి మించి అర్హులు కాకపోవుటను చూచిన డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యాచార్యుడు యూజీన్ స్టెడ్, 1965లో అట్టి నలుగురిని చేర్చుకొని రెండేండ్ల శిక్షణను ప్రారంభించెను. 1967లో ముగ్గురు పట్టము పొందిరి. వైద్యుని పర్యవేక్షణలో రోగిని పరీక్షించి మందు వ్రాయగల ఫిజీషియన్ అసిస్టెంట్ అను వృత్తి అట్లు పుట్టినది. నేడది అమెరికాలో అందరు నెరిగిన గౌరవప్రదమైన వృత్తి, ఈ ప్రాంతపు తెలుగు బాలికలు సైతము కోరి చదువుచున్నది. సైనికుని ఉన్న ఉద్యోగములలో ఇరికింపజూచుటకు బదులు అతని విద్యకు సరిపడు ఉద్యోగమునే సృష్టించిన ఆచార్యుని దూరదృష్టి మరియొక రంగమున నాకు కానరాలేదు.

సేవలో నుండగనే బయటి జీవితమునకు సిద్ధపరచు ఏర్పాట్లు ఇటీవల పెరిగినవి. విడుదలకు ఏడాది ముందే సలహాసమావేశములు మొదలిడవలెనని చట్టము. చివరి 180 దినములలోపల పౌరసంస్థలో పని నేర్చుకొనుచు సైన్యపు జీతమునే పొందు స్కిల్‌బ్రిడ్జి పథకము. రెండవది మేలైనదేగాని, పై అధికారి అనుమతి కావలెను; మనుషులు చాలని దళములో ఆ అనుమతి దొరకుట కష్టము. సిరాక్యూస్ విశ్వవిద్యాలయపు మాజీ సైనికుల అధ్యయన సంస్థ వెట్‌అడ్వైజర్ అను సంస్థతో గూడి 2014లో జరిపిన పరిశీలనలో దాదాపు సగము మంది మొదటి పౌరోద్యోగమును ఏడాది తిరుగకుండగనే విడిచినట్లు తేలినది. దీనిని కొందరు సైనికుల చపలత్వమునకు ఆరోపింతురు. నేనట్లు తలపను. సైన్యమున మరుసటి మెట్టు ఎప్పుడు, ఏ శిక్షణ తరువాత వచ్చునో వ్రాసియుండును. ఎవరికి ఎవరు జవాబుదారులో భుజముమీది గుర్తు చెప్పును. కంపెనీలో పై అధికారి చిరునవ్వుతో చెప్పిన మాట ఆజ్ఞయో సలహాయో తెలియదు. పని బాగుగా చేసినను చేయకున్నను చెప్పువారుండరు. అన్నిటికంటె, చేయుచున్న పని ఎవరికొరకో తెలియదు. ఇరువదినాలుగేండ్లకే ముప్పదిమంది ప్రాణములకు పూచీ వహించినవానికి, బేరింగుల సరఫరా పట్టికలో గడులు నింపుట నెలరోజులకే చేదగును.

మిషిగన్ విషయమున మరియొక ఇబ్బంది. వర్జీనియాలోనో టెక్సాసులోనో సైనిక స్థావరముల చుట్టునే వేలకొలది రక్షణ కంపెనీలుండును. విడుదలైనవాడు గేటు దాటి ఎదుటి భవనములో చేరవచ్చును. ఇచ్చట కిన్చెలో, వర్ట్‌స్మిత్, సాయర్ వాయుస్థావరములు 1977 నుండి 1995లోపల ఒకదాని వెనుక నొకటిగా మూతపడినవి. మిగిలినవి వారెన్ నగరమున సైనికవాహనముల కార్యాలయములు గల డెట్రాయిట్ ఆర్సెనల్, సెల్ఫ్రిడ్జిలోని నేషనల్ గార్డు వాయుస్థావరము, స్టెర్లింగ్ హైట్సులో ట్యాంకులు రూపొందించు జనరల్ డైనమిక్స్ శాఖ, మరికొన్ని. కావున ఇంటికి వచ్చిన సైనికుడు మోటారు పరిశ్రమకో, విద్యుత్తునకో, ఆసుపత్రులకో అలవడవలెను. నౌకాదళపు అణుయంత్రములపై పనిచేసినవారికి మన్రో సమీపపు ఫెర్మి అణువిద్యుత్కేంద్రము వంటి చోట్ల ఆదరము మెండు; విద్యుత్ప్రసారపు సంస్థ ఐటీసీ ప్రధాన కార్యాలయము నోవైలోనే యున్నది. కేంద్రప్రభుత్వపు కొలువులలో 1944 నాటి ప్రాధాన్య చట్టము పరీక్షలో ఐదో పదియో మార్కులు కలుపుట వలన ఆ ఉద్యోగులలో పదింట మూడు వంతులు మాజీ సైనికులే. నిన్నటివరకు అది చలించని కొలువని అందరు ననిరి. 2025లో కేంద్ర ఉద్యోగుల సంఖ్యను తగ్గింపబూనిన పిదప ఆ మాట అనువారు తగ్గిరి.

మన భారతదేశపు స్థితి దీనికి తలక్రిందులు. పదునైదేండ్ల సేవకే పింఛను గలదు. ఏటేట దాదాపు 60 వేలమంది, అందులో అధికులు ముప్పదియైదుకును నలుబదియైదుకును నడుమ వయస్సువారు, ఆ పింఛనుతో ఇంటికి వత్తురు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము సమీపమున మిలిటరీ మాధవరము అని పేరుపడిన ఊరు కలదు. మొదటి ప్రపంచయుద్ధమునకు తొంబదిమందిని, రెండవదానికి వేయిమందికి పైగా పంపితిమని అచ్చటివారు చెప్పుకొందురు. అట్టి ఊళ్లలో సైన్యమునుండి వచ్చుట ఒక విరామమే గాని విపత్తు కాదు. పొలమున్నది, పింఛనున్నది, మిలిటరీ క్యాంటీను కార్డున్నది. అమెరికా సైనికునకు లేని వ్యవధి మనవానికి అనాయాసముగా లభించినది. దానిని మనవారేమి చేసిరని అడుగవలసియున్నది.

కేంద్ర పునరావాస సంచాలకుని కార్యాలయము, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములు ఏండ్లతరబడి పనిచేయుచున్నవి. కేంద్రప్రభుత్వపు గ్రూపు సి కొలువులలో 10 శాతము, ప్రభుత్వ బ్యాంకుల గుమాస్తా కొలువులలో 14.5 శాతము, మన రెండు తెలుగు రాష్ట్రముల నియామకములలో 2 శాతము కేటాయింపు కలదు. పదవ తరగతి చదివి పదునైదేండ్లు సేవచేసినవానిని గ్రూపు సి కొలువులకు పట్టభద్రునితో సమానముగా నెంచుదురు. బ్యాంకు కొలువు దొరకినవాడు అదృష్టవంతుడు; ఊరివారు వచ్చి సంతకము పెట్టించుకొని పోవుచుందురు. దొరకనివారిలో అసంఖ్యాకులు హైదరాబాదు, విశాఖపట్టణముల అపార్టుమెంటు గేట్లకడ సెక్యూరిటీ గార్డులైరి. సికింద్రాబాదు తిరుమలగిరిలోని ఈఎంఈ శిక్షణాకేంద్రమున యంత్రవిద్య నేర్చి, ట్యాంకు ఇంజను విప్పి బిగింపగల హవల్దారు, వచ్చినకార్ల సంఖ్యలు పుస్తకమున వ్రాయుచు పండ్రెండు గంటలు నిలువబడుటను చూచి చీకాకుపడని వారెవరు? విశాఖ నౌకాదళపు యంత్రకారులు కొందరు వాణిజ్యనౌకలలోను, హిందుస్థాన్ షిప్‌యార్డులోను చేరి విద్యను నిలుపుకొనిరి. వాయుసేన మెకానికులును అంతే. పదాతిదళపు సిపాయికి అట్టి దారి లేదు. పింఛను చేతిలో నుండియు మొదటి నెలలోనే దొరకిన కొలువును పట్టుకొనుట అతని అలవాటైనది. ఊరక కూర్చున్న మగవానిని మన ఊళ్లు చూచు చూపు కూడ దీనికి కొంత కారణము. చదువుకొనుటకు తీరిక తీసికొన్న నలుబదియేండ్లవానిని బంధువులు సోమరియందురు.

ఉద్యోగమునకును పూర్వశిక్షణకును పొంతన కుదిరి తీరవలెనని కూడ నేననను. 1943 నుండి 1947 వరకు వాయుసేనలో గుమాస్తాగా పనిచేసిన విశాఖవాసి భాగవతుల సదాశివశంకరశాస్త్రి, బయటికి వచ్చి చెన్నపట్టణమున ఆనందవాణి పత్రికకు సంపాదకుడై, సినిమాపాటలు వ్రాసి, సమగ్రాంధ్ర సాహిత్యమను మహోద్యమమును తలకెత్తుకొని ఆరుద్రగా స్థిరపడెను. ఏ సంకేతపట్టికయు, ఏ సలహాసమావేశమును వాయుసేన గుమాస్తాకు ఈ దారి చూపియుండదు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండు; పింఛనును లేదు, వెనుకకు లాగు కొలువును లేదు.

ఆ ఇరువదిరెండేండ్ల ప్రాయమే ఇప్పుడు మన దేశమునకు ప్రశ్నయై నిలిచినది. 2022 జూన్ 14వ తేదీన ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకము క్రింద చేరినవారు నాలుగేండ్లు సేవచేసి, వారిలో నాలుగవ వంతునకు మించనివారు సైన్యమున నిలిచి, తక్కినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పింఛను లేకయే ఇండ్లకు మరలుదురు. ఆ ప్రకటన వెలువడిన మూడవదినమున సికింద్రాబాదు రైల్వేస్టేషనులో రైలుపెట్టెలు తగులబడి, పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించుట తెలంగాణ మరువలేదు. 2022 చివర, 2023 ఆదిలో శిక్షణకు చేరిన తొలిదళములకు 2026 చివర, 2027 ఆదిని గడువు ముగియును. కేంద్ర సాయుధ పోలీసు దళములలో వారికి 10 శాతము కొలువులు ప్రకటింపబడినవి; అనేక రాష్ట్రములు తమ పోలీసులలో ప్రాధాన్యము నిత్తుమన్నవి. ఇవన్నియు మరల కొలువులే. మన జవాను ఇప్పుడు అమెరికా సైనికుని స్థితికి వచ్చెను: అదే వయస్సు, అదే నాలుగేండ్లు, పింఛను లేని అదే విడుదల. ఆ దేశమున అతనికి ముప్పదియారు నెలల చదువును అద్దెతో సహా ఇచ్చు చట్టమున్నది. మన దేశమున ఒక్కమారుగా చేతబడు మొత్తమున్నది. పదకొండు లక్షలు చిన్న సొమ్ము కాదు. నెలకు పాతికవేల చొప్పున దాచి తినినచో మూడేండ్లకు పైగా వచ్చును. అనగా ఒక పాలిటెక్నిక్ డిప్లమాయో, నర్సింగు చదువో నిర్విచారముగా ముగియునంత కాలము. ఆ లెక్క జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారు విడుదలకు ఏడాది ముందే పిల్లవానికిని, అతని తండ్రికిని కలిపి కూర్చుండబెట్టి చెప్పవలెను. ఏలయన ఆ చెక్కు ఇంటికి చేరు వారమున ట్రాక్టరు డీలరును, ఇంటి పైకప్పును, చెల్లెలి సంబంధమును దాని కొరకు అప్పటికే ఎదురుచూచుచుండును.